మిరపకాయల లారీకి సున్నం చీటీ

మొన్న మా చెల్లెలి కూతురు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూ కోసం ఫ్యాక్టరీ మెథడ్ అనే ప్రోగ్రాము పద్ధతి నిర్వచనం బట్టీ పడుతుంటే, పప్పులో తిరగమోత వేయబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. వస్తువును తయారుచేసే పనిని పై క్లాసు, అంటే ప్రోగ్రాములో పై భాగం, తన దగ్గర పెట్టుకోకుండా కింది క్లాసులకు వదిలేస్తుందని అదే వాక్యం పదిసార్లు చదివింది. ఆ మాట పుస్తకంలో చూడకముందే నేను దాన్ని నరసరావుపేటలో ఒక లారీ ఆఫీసులో నేర్చుకున్నాను, అదీ ఒక మంచి మనిషిని దొంగను చేశాక.

కంప్యూటరు నేర్చిన ఆడపిల్ల వీధికొకతె కూడా లేని ఆ రోజులు నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటాయి. కాటా చీటీలకు ప్రోగ్రాము రాయడానికి నన్ను ఆ ఆఫీసులో పెట్టుకున్నారు. అంతకుముందు అక్కడ పెద్ద గుమాస్తా ఖాళీ లారీని, నిండు లారీని తూయించి, ఆ తూకం పక్కనున్న సరుకు గుమాస్తాకు అందించి, చీటీ కోసం చెయ్యి చాపేవాడు. రాళ్ల గుమాస్తా మాచర్ల నాపరాళ్లకు తన పద్ధతిలో రాస్తే, మిరపకాయల గుమాస్తా తరుగు కూడా వేసి రాసేవాడు, ఎందుకంటే నీళ్లు చల్లి టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, తొక్కిన కాయ ఎండకు ఆరి తూకం తగ్గుతుంది, ఎంతవరకు తగ్గవచ్చో చీటీలోనే ఉండాలి. పెద్దాయన లోపల ఏముందని అడక్కుండా ముద్ర వేసేవాడు. నాకదంతా చాదస్తంలా కనిపించి, రాళ్లయితే ఇలా, కాయలైతే అలా అంటూ అందరి విద్యనూ ఒక్క ప్రోగ్రాములో కుక్కి, చానా గొప్ప పని చేశాననుకున్నాను.

కొన్నాళ్లకు పిడుగురాళ్ల సున్నం కూడా రావడం మొదలైంది. హడావుడిగా ఆ ప్రోగ్రాము మధ్యలోనే ఇంకో షరతు దూర్చాను, బస్తాల్లో వచ్చిందల్లా సున్నమే అన్నట్టుగా. సున్నం చీటీ చక్కగా వచ్చింది, మురిసిపోయాను, మిగతావి చూడలేదు. ఆ వారమే వెళ్లిన ఒక మిరపకాయల లారీకి పైన సరుకు పేరు సరిగానే పడి, కింద సున్నం పద్ధతి చీటీ వచ్చింది. తరుగు గడి లేదు. పెద్ద గుమాస్తా అలవాటు ప్రకారం ముద్ర వేశాడు.

గుంటూరులో లారీ రెండు రోజులు ఎండలో నిలబడింది. దించుకున్న వ్యాపారి తూకం తగ్గిందని, దారిలో సరుకు అమ్మేశాడని డ్రైవరు మీద నేరం మోపాడు. ఆ డ్రైవరు మా నాన్న స్నేహితుడు, మా వెనక వీధి సాయిబు, ఊహ తెలిసినప్పటి నుంచి నేను మామా అని పిలిచే మనిషి. మా యజమాని ఆయన దగ్గర తాళాలు తీసేసుకున్నాడు. మామ తిన్నగా నా టేబులు దగ్గరికొచ్చి చీటీ నా ముందు పెట్టాడు.

“నేను ఒక్క కాయ ముట్టుకోలేదమ్మాయ్. నువ్వు రాయించిందే గదా, ఏందో ఒకసారి చూడు.”

చూడగానే తెలిసింది. తెలిసీ, చూసి చెబుతాను మామా అన్నాను. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆ రోజంతా నోరు మెదపలేదు. ఇన్నేళ్లయినా ఆ ఒక్క రోజుకు నాకు సిగ్గుగానే ఉంటుంది. మర్నాడు యజమాని ముందు నిలబడి, తప్పు మామది కాదు నాదని చెప్పాను. ఆయన అందరి ముందూ నన్ను చెడామడా తిట్టి, మామకు తాళాలు తిరిగిచ్చాడు.

తర్వాత ఆ ప్రోగ్రామంతా విప్పాను. తూకం వేసి, చీటీ చేయించు అని అడగడం వరకే పై క్లాసు పని. ఏ చీటీ తయారుకావాలో రాళ్ల క్లాసు రాళ్లకు, కాయల క్లాసు కాయలకు చూసుకుంటాయి, కొత్త సరుకొస్తే పాతవాటి జోలికి పోకుండా పక్కన ఇంకో క్లాసు వస్తుంది. పెద్ద గుమాస్తా ఎప్పటినుంచో చేస్తున్నది అదే. దానికి పేరుందని రెండేళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివి నాలో నేనే నవ్వుకున్నాను.

ఇదంతా చెబితే మా పిల్ల శ్రద్ధగా విని, ఉదాహరణ బాగుంది పెద్దమ్మా అని రాసుకుంది. ఇప్పుడు కోడు సగం మిషనే రాసేస్తోంది, చీటీ ఫోనుకే వస్తోంది, దాన్ని చేసినవాళ్లెవరో పట్టుకెళ్లేవాళ్లకు తెలియదు. ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేకపోవడం సుఖమేనేమో. మామకు చదువు రాదు. అదివరకు నేనిచ్చిన చీటీని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా, నవ్వుతూనే తీసుకుని, గేటు దగ్గర ఎవరిచేతనైనా ఒకసారి చదివించుకున్నాకే బండెక్కేవాడు.