తుమ్ముల మీద థీసిస్

ముందు టీ చెప్పండి. మొన్న బుధవారం నా వైవా అయిపోయింది. డాక్టరేట్ వచ్చిందా అంటే వచ్చింది. ఎలా వచ్చిందో చెప్తే మాత్రం నవ్వుతారు. నవ్వుకోండి, నాకిప్పుడు కోప్పడే ఓపిక కూడా లేదు.

పదమూడేళ్లండీ! గుంటూరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేవాడికి ప్రాచీన గ్రీకులతో ఏం పని? పుస్తకం కోసం మద్రాసు, డిక్షనరీ కోసం హైదరాబాదు. టైపిస్టు వదిలేసిన ఖాళీల్లో గ్రీకు అక్షరాలు నా చేత్తో నేనే నింపుకున్నాను. మనిషికి తుమ్ము ఎందుకొస్తుందో వాళ్ల కవులు ఏమన్నారు, వైద్యులు ఏమన్నారు, ఇదీ నా థీసిస్. మనకి అపశకునమైన తుమ్ము వాళ్లకి శుభం! ఇంత మంచి సంగతి దొరికితే, "ఇంతకీ వాళ్లేమన్నారండీ?" అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. మా ఆవిడ అడిగిందల్లా "ఇంకా అవలేదా?" అనే. మీరూ అడగలేదు, గుర్తు చేస్తున్నానంతే. ఎగ్జామినర్ అయినా అడక్క ఏం చేస్తాడులే అని ఆశ పెట్టుకున్నాను.

ఇంతలో మా బావమరిది ఎండుమిరపకాయల బస్తాలేసుకుని దిగాడు. "మిర్చి యార్డులో చోటు లేదు బావా, వారం రోజులు మీ ముందుగదిలో ఉంచుతా" అన్నాడు. వారం కాస్తా నెలన్నరైంది. నా బల్ల ఆ బస్తాల వెనకాల ఎక్కడో ఉండాలి. ఇంటిల్లిపాదీ తుమ్ములే. గడప దాటేటప్పుడు ఎవరైనా తుమ్మితే మా ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి పంపుతుంది. ఆ లెక్కన ఒకరోజు కాలేజీ చేరేసరికి రెండు పీరియడ్లు పోయాయి. మర్నాడు ఆవిడే, "మిరప తుమ్ముకి పట్టింపు లేదులెండి" అని తేల్చేసింది.

నా థీసిస్ కాపీకి చెదలు పడతాయేమోనని బస్తాల మీద పెట్టాను. "గుడ్డ చుట్టి పెట్టండి" అంది మా ఆవిడ. వింటేగా!

బుధవారం పొద్దున దించితే అట్ట నిండా ఎర్రటి దుమ్ము. రిక్షాలో కూర్చుని జేబురుమాలుతో శుభ్రంగా తుడిచాను. రుమాలు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఆ రుమాలు గుర్తుపెట్టుకోండి.

ఎగ్జామినర్ ఢిల్లీ నుంచి వచ్చాడు. మనవాడే, పుట్టింది తెనాలి. పెద్దాయన. "నా కాపీ ఇంట్లో మర్చిపోయానండీ, మీదిలా ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. నాలుగో చాప్టర్ తీశాడు. వేలు నాలిక మీద తడి చేసుకుని పేజీ తిప్పాడు. మళ్లీ తడి చేసుకున్నాడు, మళ్లీ తిప్పాడు.

మూడో పేజీకి మొహం ఎర్రబడింది. తుమ్మాడు! ఆగకుండా తొమ్మిది తుమ్ములు. గ్రీకుల లెక్కన అంత శుభం ఏ స్టూడెంటుకీ జరిగి ఉండదు. కంగారులో అదే చేత్తో కళ్లు నులుముకున్నాడు. "అబ్బా! రుమాలేదైనా..." అన్నాడు.

ఇచ్చేశానండీ! నా జేబులోదే!

ఆయన పెట్టిన కేకకి అటెండర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి సార్, పెద్దాయన్ని ఏడిపించేశారు?" అన్నాడు. నీళ్లు తెచ్చి కళ్లు కడిగించాం. తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పదమూడేళ్లూ గంగలో కలిశాయనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్లు చెమర్చాయి, మిరప లేకుండానే.

"అక్షరం కనపడట్లేదయ్యా. ఏం రాశావో నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. ముప్పావుగంట చెప్పాను. శ్వాస గురించి, దేవుళ్ల గురించి, ఎండలోకి చూస్తే తుమ్మెందుకొస్తుందో ఆ గ్రీకులు తలలు బద్దలుకొట్టుకోవడం గురించి. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. అయ్యాక, "బాగుంది. ఒక్క ప్రశ్న" అన్నాడు.

కుర్చీ ముందుకి జరుపుకున్నాను. "అడగండి సార్!"

"ఈ కాయ ఎక్కడిది? ఊరొదిలాక ఇంత ఘాటు చూళ్లేదు. ఆవకాయకి రెండు కిలోలు దొరుకుతాయా?"

అటెండర్ వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేశాడు. సాయంత్రం స్టేషన్‌కి కాయలు పట్టుకెళ్లాను, గుర్తుగా థీసిస్ కాపీ ఒకటి కూడా. సూట్‌కేసులో కాయలు పట్టాయి. థీసిస్ పట్టలేదు. "పోస్టులో పంపవయ్యా" అన్నాడు. తెచ్చి మళ్లీ బస్తా మీదే పెట్టాను.

ఏమిటీ, మీరేదో అడగబోతున్నట్టున్నారు? అడగండి, మొహమాటం దేనికి!

...ఉన్నాయండీ. ఇంకా పదకొండు బస్తాలున్నాయి. మీకెన్ని కిలోలు?