రెండు కుర్చీల ప్రాక్టికల్స్

మా జియాలజీ సార్ పోయారని పోయిన ఆదివారం కబురొచ్చింది. చర్చిలో ప్రార్థన అయిపోయినా గేటు దగ్గర ఎవరినో ఒకరిని పట్టుకుని రాళ్ల గురించి గంటసేపు చెప్పే మనిషి, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా నిద్రలోనే వెళ్లిపోయారు.

నంద్యాల పీజీ సెంటర్‌లో నాకు చదువు చెప్పింది ఆయనే. ఆయన రిటైరయ్యాక ఆ క్లాసులు నాకు వచ్చాయి. అయినా ప్రాక్టికల్స్‌కు మాత్రం ఏటా తానే వచ్చి కూర్చునేవారు. పక్క కుర్చీలో ఆళ్లగడ్డ శిల్పి పెద్దాయన. అతిథిగా కాదు, సాటి మాస్టారుగా. మార్కులు చెరి సగం. సార్ పల్చగా కోసిన రాతి ముక్కను మైక్రోస్కోపులో చూపిస్తే, పెద్దాయన రాతిని సుత్తితో తట్టి మోత వినమనేవారు. ఆపైన మా ముందే పోట్లాట.

"మోత బాగుంది గానీ అన్నా, దీంట్లో ఇనుముంది. రెండు వానలకు తుప్పు మరక దిగుతాది."

"నీ అద్దానికి అన్నీ మరకలే కనపడతాయప్పా."

ఒకసారి సార్ మాటే నిజమైంది. పెద్దాయన క్లాసుకొచ్చి, "మీ సారే గెలిచినాడు. నా నంది ఎర్రగా ముక్కు చీదుతాంది" అని ఒప్పుకున్నారు. ఇంకోసారి సార్ ఓడిపోయారు. గెలిచినా ఓడినా ఆయనది ఒకటే మాట: "ఇద్దరు మాస్టార్లు ఒకే మాట చెబితే వాళ్లలో ఒకరు దండగ." మీకూ అలాంటి మాస్టారు దొరికి ఉంటే, నేనెంత అదృష్టవంతురాలినో తెలుస్తుంది.

రానున్న సోమవారమే ప్రాక్టికల్స్. సమాధి దగ్గర పెద్దాయన నాతో, "నేనింక రానమ్మా. పోట్లాడేదానికి మనిషే లేనప్పుడు ఆడికొచ్చి ఏం చేయాల?" అన్నారు. ఆయన రాకపోతే సార్ నిలబెట్టిన చదువు సగమే మిగులుతుంది.

మర్నాడే ఆళ్లగడ్డ బస్సెక్కాను. షెడ్డులో పెద్దాయన ఒక రాతిని పక్కకు తోయిస్తున్నారు. బతిమాలుదామని వెళ్లినదాన్ని, భూతద్దం తీసి ఆ రాతిని చూశాను.

"ఎందుకు తోయిస్తాండావ్ పెద్దనాయనా? బాగుందే."

"యాడ బాగుంది? పగిలిన కుండ మాదిరి మోగుతాంటే."

"నాకేం పగులు కనపళ్లేదు."

"ఉండు."

బిందెడు నీళ్లు తెచ్చి రాతి మీద గుమ్మరించారు. అది ఎండకు ఆరేదాకా వాదించుకుంటూనే ఉన్నాం. నేనూ తగ్గలేదు. మధ్యలో ఆయన నా వైపు చూడకుండానే, "సోమవారం ఎన్ని గంటలకు?" అన్నారు.

చెప్పాను. రాయంతా ఆరిపోయింది. నడుమ వెంట్రుకంత గీత ఒకటి మాత్రం ఇంకా తడిగా ఉంది.