మనుగుడుపుల్లో పులిసిన గ్యాసు గుంట

కొవ్వూరు దగ్గర మా ఊళ్లో గోబర్ గ్యాసు మొదట పెట్టించింది మా పక్కింటివాళ్లు. పొలంలో నీళ్ల దగ్గర గొడవై వాళ్లతో మాటలు పోయాక, మా నాన్నగారు పంతం కొద్దీ మా పెరట్లోనూ గుంట కట్టించారు.

నా పెళ్లిలో వంటలు బాగా మిగిలాయి. అన్నం, పప్పు, పాయసం, చితికిన బూరెలు అన్నీ నాన్నగారు ఆ గుంటలో పోయించారు.

"పేడకే ఇంత గ్యాసొస్తే, పెళ్లి భోజనానికి ఎంత రావాలి!" అన్నారు.

మనుగుడుపులకి నేనూ మా ఆయనా వెళ్లిన మర్నాడు పొద్దున, కాఫీకి అమ్మ ఎన్ని పుల్లలు గీసినా పొయ్యి అంటుకోలేదు. పైగా పెరట్లోంచి పులిసిన కంపు. కొత్త పట్టుచీరలో ఎక్కడ దాక్కోవాలో నాకు తెలియలేదు.

మా ఆయన రాజమండ్రి కాలేజీలో సైన్సు చెప్పేవారు. లేచి పెరట్లోకి వెళ్లారు.

"ఇందులో ఏం పోశారు మావయ్యగారూ?"

నాన్నగారు తల వంచుకుని చెప్పారు.

"లోపల కొన్ని సూక్ష్మజీవులు మనం వేసినదాన్ని పులియబెడతాయండి. ఇంకొన్ని ఆ పులుపుని తిని గ్యాసు చేస్తాయి. పేడైతే రెండూ కలిసి నడుస్తాయి. అన్నం, తీపి ఒక్కసారే పడేసరికి పులియబెట్టేవి విపరీతంగా పెరిగిపోయాయి. అంత పులుపుకి గ్యాసు చేసేవి తట్టుకోలేవు."

"మరిప్పుడెలాగ బాబూ?"

"కొన్నాళ్లు ఏమీ వెయ్యకండి. బాగా నడిచే గుంటలోంచి పేడనీళ్లు తెచ్చి పోస్తే, ఆ జీవులు మళ్లీ పుంజుకుంటాయి. పక్కింట్లో ఉందిగా?"

గొడవ సంగతి ఆయనకు తెలియదు. మేమెవరమూ చెప్పలేదు. పంచె మోకాళ్ల పైకి కట్టి, బకెట్టు పట్టుకుని తనే బయల్దేరారు.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, "కొత్తల్లుడి చేత పేడ మోయిస్తున్నారేంటండీ!" అంది.

నాన్నగారు గబగబా వెళ్లి బకెట్టు లాక్కున్నారు. వాళ్ల గుమ్మం ముందు నిలబడి, "కాస్త ఇప్పిస్తారా అండీ" అన్నారు. ఆ గొంతు వినలేక లోపలికెళ్లి తలుపేసుకున్నాను.

వాళ్లు కాదనలేదు. ఆ తర్వాత పేడే కొద్దికొద్దిగా పెంచుతూ వేస్తే, చాలా రోజులకి మంట వచ్చిందట.

మనుగుడుపులయ్యి మేం తిరిగి వెళ్లేలోపు గొడవ సంగతి మా ఆయన చెవిన పడింది. బస్సు గోదావరి బ్రిడ్జి మీదికెక్కాక మా ఆయన మెల్లగా అన్నారు.

"మీకూ వాళ్లకీ మాటల్లేవని ముందే చెప్పకపోయావా? మావయ్యగార్ని నేనే అక్కడ నిలబెట్టాను."

ఆయన మొహం నాకన్నా చిన్నబోయి ఉంది. నేను కిటికీ వైపు తిరిగాను.