ముందు వలలు ఎక్కించండి

కావలి కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. సముద్రం వేడెక్కితే తుఫానుకు బలం ఎక్కడి నుంచి వస్తుందో బోర్డు మీద గీసి ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పగలను. ఆ గర్వం నాకు లేదంటే అబద్ధం. వాతావరణ మార్పు మీద కాలేజీలో ఏ సభ పెట్టినా సైన్సు వాళ్లమే వేదిక ఎక్కేవాళ్లం. ఎకనామిక్స్ మేడమ్ వెనక వరుసలో కూర్చునేది.

"తుఫానుకు మీ డిమాండూ సప్లయీ ఏం అడ్డం పడతాయి మేడం?" అని స్టాఫ్‌రూమ్‌లో ఎత్తిపొడిచేవాణ్ని. ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తూ నవ్వేది. "గాలి సంగతి మీరు చూడండి సార్. ఇల్లు వదిలి రానోళ్ల సంగతి నేను చూస్తా" అనేది.

ఒకసారి తుఫాను హెచ్చరిక వస్తే, కాలేజీ పిల్లలను తీసుకుని ఇద్దరం మైపాడు వెళ్లాం. తీరం పక్కన ఇళ్లవాళ్లను ఊరికి ఎగువనున్న బడికి చేర్చడం మా పని. నేను మ్యాపు పరిచి, నీళ్లు ఎంతదాకా వస్తాయో వేలు పెట్టి చూపించాను. అందరూ బుద్ధిగా విన్నారు, ఒక్కరూ కదల్లేదు. సముద్రానికి అన్నిటికంటే దగ్గరున్న ఇంట్లో ఒక పెద్దాయన, ఆయన కోడలు, ఆమె ఒళ్లో నెలల బిడ్డ. మామ రాకపోతే తానూ రానని కోడలు భీష్మించుకుంది.

"నువ్వు చెప్పింది నిజమే సారూ. మీరు పోండి" అన్నాడు పెద్దాయన, నన్నే ఓదారుస్తున్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ మొహం చూసైనా లేవరేమని అరిచాను. మేడమ్ మాత్రం చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆయన పక్కనే ఇసుకలో కూర్చుంది.

"పోయినసారి బళ్లోకి పోయినారా అన్నా?"

"పోయినాం మేడం."

"తిరిగొచ్చేసరికి ఏం పోయింది?"

ఆయన సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "వలలు. అన్నీ సముద్రంలో కలిసిపోయినాయి. ఆ ఏడంతా ఇంకొకరి పడవ మీద కూలికి పోయినా."

"ఎంటబెట్టుకుని పోకపోతిరా?"

"కంపు కొడతాయని బళ్లోకి రానీలేదు."

మేడమ్ లేచి నా దగ్గరకు వచ్చింది. "అల్లూరులో మీ నాయన్ని వరి కయ్యలు వదిలేసి రమ్మంటే వస్తాడా సార్? వీళ్లకి వలలే కయ్యలు" అంది. మా నాయన సంగతి నాకు తెలుసు. వరి మునిగిపోతుంటే గట్టు మీదే నిలబడే మనిషి.

తర్వాత ఆమె ఫోను పట్టుకుంటే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. బడి హెడ్మాస్టరుతో పోట్లాడి రెండు గదులు వలలకే ఖాళీ చేయించింది. "వాసనొస్తే నన్ను తిట్టండి, నేను పడతా" అంది. రొయ్యల గుంటల దగ్గరున్న ట్రాక్టరును పిలిపించి, "ముందు వలలు ఎక్కించండి" అని పిల్లలకు చెప్పింది. వలలతో ట్రాక్టరు కదిలింది. ఆ వెనకే పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. కోడలు బిడ్డను భుజాన వేసుకుంది. వీధి వీధంతా వాళ్ల వెంట వచ్చింది. ఇక ఎవర్నీ బతిమాలే పని లేకపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక చదువు నా కళ్లెదుట అంతమందిని నడిపించడం నేను చూడలేదు. ఆమెను చూస్తే నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

తుఫాను దాటాక పెద్దాయనతో కలిసి ఆ ఇంటికి వెళ్లాం. గోడలు లేవు, పొయ్యి రాళ్ల మీద ఇసుక మేట వేసింది. ఆయన చుట్టూ చూసి, "వలలుండాయి గదా. సముద్రం నెమ్మదించినాక ఏటకి పోతాం" అన్నాడు.

నా లెక్క తప్పలేదు. నీళ్లు నేను వేలు పెట్టిన చోటిదాకానే వచ్చాయి. ఆ లెక్క ఒక్కటే ఉండి, మేడమ్ లేకపోయి ఉంటే, ఆ బిడ్డ ఆ ఇంట్లోనే ఉండేది.