గుంటూరుకి నా గుండె మచ్చు

కొందరు కాశీకి వెళ్లొచ్చి రాస్తారు. నేను ప్రత్తిపాడు నుంచి గుంటూరు వెళ్లొచ్చి రాస్తున్నాను. గుండె తడబడేవాళ్లు మన వైపు చాలామందే ఉంటారు, దారి తెలిసుంటే మంచిది.

పొద్దున ఏడున్నర బస్సు. కిటికీ దగ్గర నేను, నా పక్కన మా ఆవిడ నాగమణి. నా చొక్కా లోపల మొన్న సాయంత్రం ఆసుపత్రిలో ఛాతీకి అంటించిన వైర్లు, నడుముకి చిన్న పెట్టె. ఒక పగలూ రాత్రీ గుండె ఎలా కొట్టుకుందో అది రాసుకుంటుందట. కొన్నాళ్లుగా నా గుండె కాసేపు బుద్ధిగా కొట్టి, ఒక దెబ్బ ఎగ్గొట్టి, తర్వాతది తలుపు బాదినట్టు కొడుతోంది. నేను బడి ఎగ్గొట్టినవాణ్ణే కాబట్టి దాని మీద కోపం రాలేదు. భయం మాత్రం వచ్చింది. పెట్టెలో తేడా కనిపిస్తే మిరప చేను కౌలుకిచ్చేద్దామని నాగమణి తేల్చేసింది. చేలోకి వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడమంటే నాకు సగం చావే.

ఎదురు సీట్లో పెద్దావిడ వైర్లు చూసింది.

"ఏంటబ్బాయ్ అది?"

"ఛార్జింగ్ పెట్టుకున్నా పిన్నీ."

"మొహం చూస్తే ఎక్కినట్టు లేదే!"

గుంటూరులో దిగి ఆసుపత్రి పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. కారప్పొడి మాత్రం నాగమణి నా ప్లేట్లోంచి లాగేసుకుంది. పది దాటాక డాక్టరమ్మ పిలిచారు.

"నిన్న ఏం పని చేశారు?"

"మంచం దిగలేదండి. టీ కూడా ముట్టుకోలేదు. గుండె మంచిగా కనపడాలి కదండీ!"

ఆవిడ కళ్లజోడు తీశారు. "మాదీ మిరప పండించే ఇల్లేనండి. బస్తా మూతి దగ్గర మేలు కాయలు పేర్చి, తాలు కాయలు అడుక్కి తోస్తారే, అట్టా చేశారన్నమాట. నాకు మచ్చు కాదు, సరుకు కావాలి. పెట్టె మళ్లీ కట్టించుకెళ్లి రోజూ చేసే పనే చెయ్యండి."

నాగమణి నావైపు చూసిన చూపుకి గుండె ఎన్ని గంతులేసిందో!

ఇంటికొచ్చి కల్లంలో కాయలు ఆరబోశాను, బస్తాలు మోశాను, టీ తాగాను. మర్నాడు అదే బస్సు, అదే ఇడ్లీ. డాక్టరమ్మ కాగితాలు తిప్పుతుంటే నాగమణి నా చెయ్యి పట్టుకుంది. పెళ్లిలో కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

"తప్పు దెబ్బలు బోలెడున్నాయండి. అయినా మొదటిసారి వచ్చినప్పుడు తీసిన స్కానింగులో గుండె శుభ్రంగా ఉంది, వీటివల్ల హాని లేదు. పని మానక్కర్లేదు. కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా మాత్రం వెంటనే రండి."

"మందులండీ?"

"వద్దు. అస్తమానం నాడి పట్టుకు చూసుకోవడం మానండి, చాలు."

తిరుగు బస్సెక్కగానే, కౌలుకడిగిన సుబ్బయ్యకి నాగమణి ఫోన్ చేసింది. "చేను ఇవ్వట్లేదు సుబ్బయ్యన్నా. ఆయన బానే ఉన్నాడు. గుండె కొంచెం తిక్కది, అంతే. మనిషి తిక్కోడైతే అదెట్టా బాగుంటది?" బస్సంతా నవ్వింది.

దారి పొడుగునా కల్లాలు ఎర్రగా మెరుస్తున్నాయి. డాక్టరమ్మకీ, ఇన్నేళ్లుగా సెలవడక్కుండా పనిచేస్తున్న నా గుండెకీ కలిపి మనసులో ఒక దండం పెట్టాను. వెంటనే దానికో దెబ్బ తప్పింది.

"మళ్లీనా?" అంది నాగమణి, నా మొహం చూసి.

తలూపాను.

"తప్పితే తప్పింది. రేపు కోతకి మనుషులొస్తున్నారు, పెందలాడే లెగు."