వెనక గీత దగ్గర గడ్డి

పరాయి దేశంలో తెలుగువాడికి తెలుగువాడే అండ అని సంఘాల సావనీర్లలో రాస్తుంటారు. పరశురాం వీపు చూసినవాళ్ళు అలా రాయరు. 2019 జులైలో ఆ వీపు మీద రబ్బరు పైపు వాతలు పదకొండు. కొట్టినవాడు కడప దావూద్, అచ్చమైన తెలుగువాడు.

పరశురాంది కోరుట్ల దగ్గర పల్లె. వరి, పసుపు పండించాడు. నలభై ఒకటో ఏట కువైట్‌లో అతని చేతికొచ్చిన పొలం ఒక టెన్నిస్ కోర్టు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన కువైటీ యజమాని, తన కొడుకుల కోసం విల్లాలో వేయించుకున్న పచ్చగడ్డి కోర్టు అది. నీళ్ళు పెట్టడం, గడ్డి కత్తిరించడం, తెల్లగీతలు దిద్దడం పరశురాం పని. ఆ ఇంటి పనివాళ్ళందరి మీదా దావూద్ పెత్తనం.

వేసవికి కఫీల్ కుటుంబం లండన్ వెళ్ళింది. వెళ్ళేముందు కొడుకులిద్దరూ నెలరోజులు ఎగబడి ఆడారు. వెనక గీతల వెంబడి గడ్డి లేచిపోయి మట్టి తేలింది. సోమవారం కఫీల్ తిరిగొస్తాడనగా శుక్రవారం దావూద్ కోర్టు చూశాడు. షెడ్డులో సగం ఖాళీ అయిన యూరియా బస్తా కూడా చూశాడు.

"ఏంరా, ఇది మీ వరిమడి అనుకున్యావా? యూరియా కొట్టి మాడ్చినావు గదరా!"

"అది పిలగాండ్ల బూట్లకు పోయింది, దావూద్ భాయ్. లండన్ల గూడ గంతే. వింబుల్డన్ జూడు. రెండు వారాలు ఆడంగ ఆడంగ ఎనక గీత కాడ గడ్డి మొత్తం పోతది."

ఫోన్‌లో ఫొటో చూపించాడు. దావూద్ ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాడు. "ఫోన్లో ఏమైనా చేస్తారు, నాకు తెల్దా?" ఆ తర్వాత పైపు అందుకున్నాడు. చెయ్యి నొప్పి పుట్టాక గడువిచ్చాడు. ఆదివారం వింబుల్డన్ ఫైనల్. సాయంత్రం ఐదింటికి వ్యాన్ తీసుకుని గదికొస్తాడు. టీవీలో ఆ బోడిమట్టి కనిపించాలి. కనిపించకపోతే కఫీల్‌తో చెప్పి ఇఖామా ఖలాస్, కువైట్‌లో ఉండే అనుమతి రద్దు.

గది సులైబియాలో, ఒక గోదాం వెనక. ఆరుగురికి ఒక్క టీవీ. ఆ ఆదివారమే క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ కూడా.

ఇండియా నాలుగు రోజుల కిందటే న్యూజిలాండ్ చేతిలో ఓడి ఇంటికి పోయింది. అయినా నిజామాబాద్ నర్సింగ్ టీవీ ముందు నుంచి కదల్లేదు. గోదాంలో రాత్రి డ్యూటీ లోడింగ్ చేస్తాడు, పగలు ఖాళీ.

"మనోళ్ళే లేరు. ఎవల కోసం జూస్తున్నవ్ రా?"

"మనల్ని కొట్టినోళ్ళు ఓడిపోవాలె, పరశన్నా. అది నా కండ్లతోని జూడాలె."

న్యూజిలాండ్ బ్యాటింగ్ అయ్యాక దొరికిన విరామంలో నర్సింగ్ రిమోట్ ఇచ్చాడు. పరశురాం వింబుల్డన్ పెట్టాడు. ఐదు కావస్తుండగా విరామం అయిపోయింది. దావూద్ ఇంకా రాలేదు.

"ఇగ ఇయ్యన్నా."

"ఐదు నిమిషాలు ఆగు."

"గడ్డి జూసుకుంట కూసుంటవా? రోజూ గోకేది గదే గద!"

నర్సింగ్ రిమోట్ లాగాడు. పరశురాం అతని మెడ పట్టుకున్నాడు. నర్సింగ్ తలతో ముక్కు మీద గుద్ది, ఇనుప మంచానికేసి తోశాడు. వాతలన్నీ ఒక్కసారి పగిలాయి. పరశురాం పొయ్యి మీది పెనం తీసి, రిమోట్ పట్టుకున్న చేతి మీద కొట్టాడు. మణికట్టు ఎండుపుల్లలా చిట్లింది. కిందపడి అరుస్తున్నవాణ్ణి డొక్కలో తన్నాడు. ఆ రెండో దెబ్బకు ఏ అవసరమూ లేదు. దెబ్బలు తిన్నవాడు కదా అని దాన్ని దాచలేను.

దావూద్ తలుపు తీసేసరికి పరశురాం ముక్కు నుంచి నెత్తురు కారుతూ, పెనం పట్టుకుని టీవీకి కాపలా నిలబడి ఉన్నాడు. కెమెరా పైనుంచి కోర్టు మొత్తం చూపించింది. వెనక గీత వెంబడి గడ్డి లేదు, మట్టే.

"నిజమే," అన్నాడు దావూద్. తర్వాత దగ్గరికొచ్చి, అంపైర్ ఎత్తు కుర్చీ పక్కన తెర మీద వేలు పెట్టాడు. "మరి ఈడ పచ్చగుండాది. ఈడెవురూ పరిగెత్తరు గదా? మన కోర్టులో ఇదే తావు ఎందుకు మాడిందిరా?"

జూన్‌లో, మిట్టమధ్యాహ్నం, పరశురాం వరిమడిలో చల్లినట్టే గుప్పిళ్ళతో అక్కడ యూరియా చల్లాడు. మడిలో నిలవనీరు దాన్ని మింగుతుంది, ఇక్కడ ఇసుక మీద గడ్డి కాలిపోయింది. తనను నిర్దోషి చేసిన బొమ్మే తన తప్పూ చూపించింది.

దావూద్ బెల్టు ఊడదీశాడు. మొదటి దెబ్బ పరశురాం చెంప చీల్చింది. రెండోది పడేలోపు పెనం దావూద్ మూతికి తగిలింది. ముందుపళ్ళు రెండు సిమెంటు గచ్చు మీద పడ్డాయి.

అప్పటిదాకా గదిలోనే ఓ మూల ఉల్లిపాయలు కోస్తున్న రాయచోటి హుస్సేన్ వలి నోరు విప్పాడు. "కొట్టుకోండి నాయనా, కొట్టుకోండి. పోలీసోళ్ళు ముందెవురు కొట్నారని అడగరు. ముగ్గుర్నీ ఒకే బండిలో ఎక్కించి ఇండియాకు తోల్తారు."

ఎవరూ పోలీసులకు ఫోన్ చేయలేదు. మెట్ల మీద జారిపడితే పళ్ళు పోయాయని దావూద్ చెప్పుకున్నాడు. బస్తా పడి చెయ్యి విరిగిందని నర్సింగ్‌తో ఆసుపత్రిలో చెప్పించారు. సోమవారం కఫీల్ వచ్చేలోగా దావూద్, పరశురాం కలిసి మాడిన చోటు తవ్వి కొత్త గడ్డి పరిచారు. వెనక గీత సంగతి వినగానే కఫీల్ నవ్వాడట, తన కొడుకుల ఆట లండన్ స్థాయికి చేరిందని.

పరశురాం ఇఖామా నిలిచింది. పోయింది నర్సింగ్‌ది. మూటలెత్తలేని చేతికి గోదాంలో పని లేదు. నెల తిరక్కముందే పంపించేశారు. వెళ్ళే పొద్దున, ఎడమచేత్తో పెట్టె లాక్కుంటూ వాకిట్లో ఆగాడు.

"నీ గడ్డి సల్లగుండనియ్, అన్నా."

బయట దావూద్ హారన్ కొడుతున్నాడు. పరశురాం వెళ్ళి పనికి తీసుకుపోయే వ్యాన్ ఎక్కాడు.