ఎండలో కుర్చీ

ఎడారి దేశంలో, సోహార్ రోడ్డు సైట్‌లో ఫోర్‌మన్ కేకల కింద మూడేళ్లు ఎండలో తారు పోసిన పోశెట్టిని కంపెనీ ఫ్రెంచి ఇంజనీరు తన ఇంట్లో వంటకు పెట్టుకున్నాడు. 1978 వేసవిలో, అతని పప్పు లేనిదే పిల్లలు అన్నం ముట్టరని, సెలవుకు వెళుతూ ఫ్రాన్సులోని లియాన్‌కు అతన్నీ వెంటబెట్టుకెళ్లాడు. ఒక ఆదివారం డ్యూటీ లేదని, ఊరు చూసి రమ్మని పంపాడు.

పోశెట్టి నది ఒడ్డు పట్టుకుని నడిచాడు. వంతెనలు చూశాడు, చర్చి చూశాడు. మధ్యాహ్నం ఒక కాఫీ హోటలు ముందు అతని కాళ్లు ఆగిపోయాయి. చెట్ల కింద చల్లటి నీడ ఉంది. ఒక ముసలాయన ఆ నీడలోని కుర్చీని ఎత్తుకెళ్లి ఎండలో వేసుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి వాళ్లూ అదే పని చేశారు. నీడ జరిగి మీదికొస్తే, మళ్లీ లేచి కుర్చీలు ఎండలోకి జరుపుకున్నారు. వీళ్లకేమైనా జబ్బా? ఎదుటి మెట్ల మీద కూర్చుని సాయంత్రం దాకా పోశెట్టి వాళ్లనే చూశాడు.

తిరిగొచ్చాక, పాత సైట్ దోస్తు లస్మయ్య తన రూమ్‌లో అడిగాడు.

"ఫ్రాన్సుల ఏం జూసినవ్ రా?"

"ఎండల కూసునేటోళ్లను జూసిన."

"థూ! గది జూడనీకి గంత దూరం వోవాల్నా? సైట్‌కు రా, రోజూ జూపిస్త."

చలికాలం వచ్చాక ఒక శుక్రవారం, సెలవురోజు, పోశెట్టి ఆ రూమ్ బయట ఎండలో కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"ఏమున్నది రా అండ్ల?" అన్నాడు లస్మయ్య గడపలోంచి.

పోశెట్టి కళ్లు తెరవకుండానే చెప్పాడు.

"ఈ ఎండల ఫోర్‌మన్ లేడు."